కుక్క మలంలో పురుగుల గుర్తింపు

మలంలో పురుగు కనబడలేదు కనుక కుక్క కడుపులోనూ లేదనుకోవడం పొరపాటు. సాధారణంగా కంటపడేవి సేమ్యాలాంటి తెల్లని ఏలికపాములు, తోక కింద ఎండి అంటుకునే బద్దెపురుగు ముక్కలు. కూనల ప్రాణం తీయగల కొంకిపురుగులు మాత్రం పేగుగోడను కరచుకుని రక్తం పీలుస్తాయి. బయటికి వచ్చేవి ఎక్కువగా కంటికి ఆనని గుడ్లే. నల్లని జిగట మలం, పాలిపోయిన చిగుళ్లు అనుమానానికే పనికొస్తాయి. తాజా మలాన్ని చిక్కటి ఉప్పునీటిలో కలిపి, పైకి తేలిన గుడ్లను మైక్రోస్కోపులో చూస్తే తేలుతుంది. నేలమీద పాతబడిన మలం వద్దు. అందులో మట్టిపురుగులు చేరతాయి.

మందు వేస్తున్నాం కదా, పరీక్షెందుకని అడగవచ్చు. ఏలికపాములకిచ్చే పైరాంటెల్ బద్దెపురుగును చంపదు. పరీక్షలో గుడ్లు దొరక్కపోయినా, గుడ్లు పెట్టే ఈడు రాని పురుగులు ఉండవచ్చు. అందుకే కొన్ని వారాలకు మళ్లీ చూడాలి. గోదావరి నడుమ పట్టిసీమలో, వీరభద్రుని దర్శనానికి జనం నడిచే ఇసుకలాంటి చోట ఈ పరీక్ష మనుషుల ఆరోగ్యం సంగతి కూడా: కుక్క మలంలోని గుడ్ల నుంచి పుట్టి, తడి, నీడ ఉన్న ఇసుకలో బతికే కొంకిపురుగు పిల్లలు ఉత్త కాళ్ల చర్మంలోకి దూరి, వంకరటింకర దురదగీతలు పుట్టిస్తాయి.