114 ప్రాణాలు, ఒక రబ్బరు ముద్ర

సివిల్ చదివిన ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళు ఈ కథ వినే ఉంటారు. మన సాఫ్ట్‌వేర్ జనాల్లో తెలిసినవాళ్ళు తక్కువని రాస్తున్నా.

1981 జులై 17, శుక్రవారం సాయంత్రం. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్. మొదలై ఏడాదే అయింది. లాబీలో డాన్సు జరుగుతోంది, కిక్కిరిసిన జనం. వాళ్ళ తలల మీదుగా రెండు నడక వంతెనలు, రెండో అంతస్తులో ఒకటి, సరిగ్గా దానిపైన నాలుగో అంతస్తులో ఇంకోటి. రెండూ పైకప్పు నుంచి స్టీలు కడ్డీలతో వేలాడదీసినవే. ఏడు దాటగానే పైది ఊడి కింది దాని మీద పడింది, రెండూ కలిసి జనం మీద పడ్డాయి. 114 మంది పోయారు. గాయపడ్డవాళ్ళు 200 పైనే.

మొదటి డిజైన్లో పైనుంచి కిందిదాకా ఒకే పొడుగు కడ్డీ. అంత పొడుగున మరలు చేసి నట్టు ఎక్కించడం కష్టమని స్టీలు కంపెనీ దాన్ని రెండు ముక్కలు చేసింది. పైకప్పు నుంచి నాలుగో అంతస్తుకి ఒకటి, అక్కణ్ణుంచి రెండో అంతస్తుకి ఒకటి. చూడ్డానికి ఏమంత మార్పు కాదు. కానీ ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారనుకోండి, ఎవరి బరువు వాళ్ళ చేతుల మీదే. కిందివాడు తాడొదిలేసి పైవాడి కాళ్ళు పట్టుకుంటే? తాడు మీద బరువు అంతే, పైవాడి చేతుల మీద మాత్రం రెట్టింపు. ఇక్కడ ఆ చేతులంటే నాలుగో అంతస్తు దూలం కింది నట్టు. నిజానికి మొదటి డిజైనే రూల్స్ ప్రకారం ఉండాల్సిన బలంలో 60 శాతమే ఉందని దర్యాప్తులో తేలింది.

ఫోన్ చేసి అడిగామని స్టీలు కంపెనీ, అలాంటి ఫోనే రాలేదని ఇంజినీర్లు. ఏదైతేనేం, మార్చిన డ్రాయింగులు ఇంజినీర్ల ఆఫీసుకొచ్చాయి, ముద్ర వేయించుకుని వెళ్ళాయి. ఆ జాయింటుకి లెక్క ఎవరూ కట్టలేదు. మన భాషలో, డిఫ్ తెరవకుండానే అప్రూవ్ కొట్టేశారు. (నవ్వకండి, రిలీజు రాత్రి మనం ఎన్ని కొట్టలేదూ!)

బాధ్యుడైన ఇంజినీరు జాక్ గిల్లమ్. విచారణలో, జాయింట్ల సంగతి స్టీలు కంపెనీదే, ఇండస్ట్రీలో ఆనవాయితీ అదే అని వాదించారు. చెల్లలేదు. మిస్సోరీలో లైసెన్సు పోయింది. జైలు మాత్రం ఎవరికీ పడలేదు. తర్వాత్తర్వాత ఆయనే తప్పు పూర్తిగా నాదేనని ఒప్పుకుని, ఇంజినీర్ల సభల్లో ఆ కూలిపోవడం గురించే పాఠాలు చెప్పారు. 2012లో పోయారు.

మొదట చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అంతమందిని పోగొట్టినవాడికి మైకు ఇస్తారా, చనిపోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళు వింటే ఏమనుకుంటారు అని. ఇప్పుడు అంత కోపం లేదు. ఏ నట్టు మీద ఎంత బరువు పడిందో దర్యాప్తు రిపోర్టు చెబుతుంది. ఆ డ్రాయింగు టేబుల్ మీదికొచ్చిన రోజు అది ఎంత మామూలుగా కనిపించిందో, ఎవరూ ఎందుకు ఆగలేదో చెప్పగలిగేది ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ళే.

ఒక్కటే మింగుడు పడదు. ఆనవాయితీ మాట ముందొచ్చింది, నాదే తప్పన్న మాట లైసెన్సు పోయాక వచ్చింది. లాయర్లు అప్పుడు చెప్పనిచ్చి ఉండరు, నిజమే. కానీ వినాల్సినవాళ్ళు ఆ రోజు విచారణ గదిలోనే ఉన్నారు కదా.