గడ్డివామిలో దొరికిన బల్లెం

1944 డిసెంబరు 29, పొద్దుగూకే వేళ. గుంటూరు జిల్లాలో పులిపాడు చెరువు మూల మీద కాపు కాసిన ఒక గుంపు ఎదుటి పార్టీ వాళ్ల మీద పడింది. బొడ్డుపాటి చినశివయ్య, సుబ్బయ్య చనిపోయారు, మిగిలినవారు పారిపోయారు. ఊళ్లో రెండు పార్టీలున్నాయి, వాటి మధ్య పాత కక్షలున్నాయి. ముద్దాయిల్లో మొదటి పేరు పులుకూరి కోటయ్యది. ఆ పేరు దేశంలో న్యాయశాస్త్రం చదివిన ప్రతివాడికీ తెలుసు. పరీక్షకు బట్టీ పట్టి, కోర్టుల్లో ఏళ్ల తరబడి వల్లించి, ఆ కేసు నుంచి సూత్రాన్ని మాత్రం మిగుల్చుకున్నారు. సూత్రం కింద పడిపోయిన ప్రశ్న ఇంకొకటుంది. అసలు వాళ్లు చంపారా? మనుషుల ప్రాణాలు ముడిపడ్డ ఆ ప్రశ్నను ఇన్నేళ్లలో అడిగినవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఆ సూత్రం కన్నా ఆ ప్రశ్నే ముఖ్యం. సూత్రం పుట్టింది కూడా దాన్ని నిజాయితీగా తూచడానికే.

ప్రాసిక్యూషన్ చేతిలో ఉన్నవి రెండు. మొదటిది కళ్లారా చూశామన్న సాక్షులు. వాళ్లంతా చనిపోయినవారి పార్టీవాళ్లే. పార్టీలున్న ఊళ్లో దెబ్బలాట జరిగితే చూసినవాడు ఎటో ఒకవైపు వాడై ఉంటాడు, ఏ వైపూ కానివాడు తలుపు వేసుకుంటాడు. కాబట్టి శత్రువు చెప్పాడు గనక అబద్ధమనీ అనలేం, ప్రమాణం చేశాడు గనక నిజమనీ అనలేం. సెషన్స్ కోర్టులో జడ్జి పక్కన కూర్చునే అసెసర్లు ఈ సాక్ష్యాన్ని నమ్మడానికి ఒప్పుకోలేదు. ఆ కాలపు పద్ధతి ప్రకారం అసెసర్ల మాట సలహా మాత్రమే, జడ్జి దాన్ని తోసిపుచ్చవచ్చు. ఇక్కడ అదే జరిగింది. సాక్షులకు ముద్దాయిల మీద పగ ఉన్నదని ఆయన గుర్తించాడు, అయినా వాళ్లు చెప్పిన కథ మొత్తం మీద నిజమే అనుకున్నాడు. మద్రాసు హైకోర్టు ఆయనతో ఏకీభవించింది. స్థానికుల నాడి తెలుస్తుందని కూర్చోబెట్టిన వాళ్లు వద్దన్నారు, చట్టం చదివినవాళ్లు సరే అన్నారు. ఈ చీలికను నేను తేలిగ్గా తీసుకోలేను. అసెసర్లకు న్యాయశాస్త్రం రాకపోవచ్చు, పార్టీ సాక్ష్యం వాసన మాత్రం తెలిసి ఉంటుంది.

రెండో ఆధారం ముద్దాయిలు పోలీసుల కస్టడీలో ఇచ్చారన్న వాంగ్మూలాలు. ఘటన జరిగిన పద్నాలుగు రోజులకు, అంటే 1945 జనవరి 12న, మధ్యవర్తుల ఎదుట రాసిన ఒక వాంగ్మూలంలో కథంతా ఉంది: కోటయ్యతో, తన పార్టీవాళ్లతో కలిసి కాపు కాశామని, అందరం కలిసి శివయ్యనూ సుబ్బయ్యనూ కొట్టి చంపామని, తమ వైపు దొండపాటి రామయ్యకు చేతుల మీద దెబ్బలు తగిలాయని, అతను తన బల్లెం ఇస్తే దాన్నీ తన కర్రనూ ఊళ్లో వెంకటనరసు గడ్డివామిలో దాచానని, వస్తే చూపిస్తానని, ఇదంతా పులుకూరి కోటయ్య ప్రోద్బలంతోనే చేశామని. ఇంకొక ముద్దాయి వాంగ్మూలం పొట్టిది. శివయ్యను బల్లెంతో పొడిచాననీ, దాన్ని తన ఊళ్లో ఒక దొడ్లో దాచాననీ, చోటు చూపిస్తాననీ. బల్లేలు దొరికాయి. ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకా తూచడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది.

అలా అనిపించడం వెనక ఎంత ప్రమాదం ఉందో తెలియాలంటే ఇంకో తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పటి మద్రాసు రాజధానిలో తహసీల్దారే శిస్తు వసూలు చేసేవాడు, అతనే పోలీసు పెద్ద కూడా. గోదావరి పాయల మధ్య ఉన్న మన కోనసీమ రాజమండ్రి జిల్లాలో భాగంగా ఆ పాలన కిందే ఉండేది. శిస్తు కోసం రైతునూ, ఒప్పుదల కోసం అనుమానితుణ్నీ హింసిస్తున్నారన్న ఆరోపణ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేశారు. 1855లో వాళ్ల నివేదిక వచ్చింది. ఆ కమిషన్‌కు అందిన ఫిర్యాదులు దాదాపు రెండు వేలు. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కడం, మెడను వంచి కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం అప్పట్లో రోజువారీ ఉపాయాలని ఆ నివేదికలో కనిపిస్తుంది. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారం చెల్లదన్నది ఈ అనుభవం నుంచే. పదకొండేళ్లకు స్టీఫెన్ రాసిన 1872 సాక్ష్య చట్టంలో అదే 25, 26 సెక్షన్లుగా స్థిరపడింది. ఒప్పుకోలు అబద్ధమై తీరుతుందని చట్టం అనలేదు. అది నిజమో కాదో తేల్చుకునే దారిని హింస మూసేస్తుందని గ్రహించింది, అంతే.

అయితే అదే చట్టం 27వ సెక్షన్‌లో ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచింది. కస్టడీలో ఉన్నవాడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా విషయం బయటపడితే, ఆ బయటపడిన విషయానికి సూటిగా సంబంధించినంత మేరకు ఆ సమాచారాన్ని రుజువు చేయవచ్చు. ఎంత మేరకు? ఇక్కడే హైకోర్టుల దారులు చీలాయి. లాహోరు, బొంబాయి కోర్టులు కిటికీని ఇరుగ్గా ఉంచాయి. మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి మాత్రం 1937లో ఆతప్ప గౌండన్ కేసులో దాన్ని బాగా వెడల్పు చేసింది. దొరికిన వస్తువును నేరంతో ముడిపెట్టే మాటలు కూడా లోపలికి రావచ్చన్నది. కోటయ్య కేసు నాటికి గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలోదే కాబట్టి ఆ వెడల్పు కిటికీలోంచే వాంగ్మూలాలు యథాతథంగా రికార్డులోకి దిగాయి. అంటే ఈ ముద్దాయిల తలరాత కొంత భూగోళం మీద ఆధారపడింది. ఇవే మాటలు బొంబాయిలో చెప్పి ఉంటే సగానికి పైగా బయటే ఆగిపోయేవి.

ఈలోగా మనకు ఇంకా దగ్గరి కేసు ఒకటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు, అంటే అప్పటి మన ఆఖరి అప్పీలు కోర్టుకు వెళ్లింది. 1937 మార్చి 23న పూరీ స్టేషన్‌లో రైలు మూడో తరగతి పెట్టెలో, ఎవరూ అడగని ఇనుప ట్రంకులో, ఏడు ముక్కలుగా నరికిన శవం దొరికింది. అతను నూకరాజు, పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతు. దివాన్ కూతురికి అతను పద్దెనిమిది శాతం వడ్డీకి చిన్నచిన్న మొత్తాలుగా మూడు వేల దాకా అప్పిచ్చాడు. ఆమె భర్త పాకాల నారాయణస్వామి. వాళ్లు బరంపురంలో ఉంటున్నారు. బాకీ తీసుకుపొమ్మని ఆమె రాసిందనీ, బరంపురం వెళ్తున్నాననీ నూకరాజు బయలుదేరే ముందు భార్యతో చెప్పాడు. అసలు హత్య కథ ఎలా ముగిసిందన్నది ఇక్కడ అక్కర్లేదు. 1939 జనవరిలో ప్రివీ కౌన్సిల్ తీర్పు రాసిన లార్డ్ అట్కిన్ చేసిన రెండు తూకాలే కావాలి. చనిపోయినవాడు ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఎందుకు వెళ్తున్నానని చెప్పిన మాటను అతని మరణానికి దారితీసిన పరిస్థితుల్లో భాగంగా స్వీకరించవచ్చన్నాడు. ముద్దాయి అరెస్టు కాకముందు పోలీసులకు చెప్పిన మాటను మాత్రం సాక్ష్యంగా వాడకూడదన్నాడు. నేరాంగీకారమంటే నేరాన్ని గాని, దానికి కావలసిన వాస్తవాలన్నిటినీ గాని ఒప్పుకోవడమని గీత గీశాడు. చంపిన కత్తి నాదేనని, ఇటీవల నా దగ్గరే ఉందని ఒప్పుకున్నా అది హత్యను ఒప్పుకోవడం కాదన్నాడు. వస్తువుకూ నేరానికీ మధ్య ఉన్న ఖాళీని ఇంత సూటిగా చూపించిన తీర్పు అంతకు ముందు నాకు కనబడదు. కోటయ్య కేసుకు కావలసిన పరికరం అప్పటికే తయారై ఉంది.

1946 డిసెంబరు 19న ప్రివీ కౌన్సిల్ తీర్పు వచ్చింది. రాసినది సర్ జాన్ బోమాంట్, అంతకు ముందు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు. సాక్షులు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాల నోట్సు ముద్దాయిలకు సకాలంలో అందలేదన్న ఫిర్యాదును ఆయన విన్నాడు. అది తప్పేగాని, దానివల్ల విచారణ మొత్తం చెడిపోలేదన్నాడు. బల్లెం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గట్టిగా నిలబడ్డాడు. కత్తిని ఇంటి కప్పులో దాచానని చెప్పినంత మాత్రాన కొత్తగా బయటపడేది కత్తి కాదు, అది ఆ ఇంట్లో దాగి ఉందనీ, దాన్ని చెప్పినవాడికి తెలుసనీ మాత్రమే. ఆ కత్తితోనే పొడిచానన్న ముక్క దొరికిన చోటు నుంచి పుట్టదు. అందుకే మొదటి వాంగ్మూలంలో గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తానన్న మాట తప్ప మిగతాదంతా కొట్టేశారు. రెండోదానిలో పొడిచానన్న వాక్యం పోయింది, దాచిన మాట మిగిలింది. ఆతప్ప గౌండన్ బాటను కాదన్నారు.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం లోకజ్ఞానానిది. చంపనివాడికి బల్లెం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఈ వాంగ్మూలమే దానికి జవాబు చెబుతోంది. బల్లెం తనది కాదని, రామయ్య ఇస్తే దాచానని అందులోనే ఉంది. పక్కింటి కొట్టంలో మన తోట కొబ్బరి గెల కనబడితే కోసిందెవరో తేలదు, దాచిందెవరో కూడా ఒక్కొక్కసారి తేలదు. పార్టీలున్న ఊళ్లో ఆయుధం చేతులు మారుతుంది, దాచేవాడు వేరు, వాడేవాడు వేరు. పోతే, దొరికిన బల్లెం చెరువు దగ్గర వాడిందేనని చెప్పేది మళ్లీ ఆ కొట్టేసిన వాక్యమే. దాన్ని తీసేశాక ఊరి గడ్డివామిలో ఒక బల్లెం, ఒక కర్ర మిగులుతాయి.

రెండో అభ్యంతరం బలమైనది. రామయ్య చేతులకు దెబ్బలు తగిలాయన్న వివరం పోలీసులు కల్పించగలరా? అలాంటి వివరం నిజమై ఉండవచ్చు, నేను కాదనను. కాని పద్నాలుగు రోజుల్లో ఎవరికి గాయాలయ్యాయో ఊరంతటికీ తెలిసిపోయి ఉంటుంది, దర్యాప్తు చేసేవారికి ఇంకా ముందే తెలుస్తుంది. తెలిసిన సంగతినే ముద్దాయి నోట రాయిస్తే అది కొత్తదేమీ నిరూపించదు. పోలీసులకు అంతకు ముందు తెలియనిది, వాంగ్మూలం వల్ల మాత్రమే తెలిసినది దాచిన చోటు ఒక్కటే. ప్రివీ కౌన్సిల్ ఉంచిన వాక్యం సరిగ్గా అదే. వాళ్ల కత్తెర పడవలసిన చోటే పడిందని నేను అనుకోవడానికి కారణం ఇదే.

మూడోది పోలీసుల వైపు నుంచి ఇప్పటికీ వినబడుతుంది: ఇలా కోసుకుంటూ పోతే కక్షల ఊళ్లలో హంతకులెవరికీ శిక్ష పడదు. పడదని ఈ కేసే చెప్పడం లేదు. కంటి సాక్ష్యం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. అది నిలబడితే శిక్షకు అదే చాలు. అది ఒంటరిగా నిలబడదని అనుమానం ఉన్నప్పుడే వాంగ్మూలం ఊతకర్ర అవుతుంది, అప్పుడే ఆ ఊతకర్రను గట్టిగా పరీక్షించాలి. అభ్యంతరం నిజానికి తీర్పు మీద కాదు, సాక్షుల మీద.

మరి నా తూకం ఏమిటి? ఒక్కొక్కరికీ వేరుగా తూచాలి. వాంగ్మూలమంతా మేము, అందరం అన్న మాటల మీద నడుస్తుంది. పోలీసు కథకూ పార్టీ కథకూ ఈ బహువచనం అంటే ఇష్టం. గుంపు నేరాలను శిక్షించే సెక్షన్లున్న చోట ఆ ఒక్క మాట పదిమంది మెడకు చుట్టుకుంటుంది. బహువచనాన్ని విప్పితే, ఆయుధాలు చూపించినవారి మీద కొంత అనుమానం నిలుస్తుంది. వాళ్లకు ఆ దాపు తెలుసు, శత్రువర్గ సాక్షులు వాళ్ల పేర్లూ చెప్పారు. రెండూ కలిస్తే బరువుంటుంది, అయినా ప్రాణం తీయడానికి చాలేంత ఉండదంటాను. కోటయ్య సంగతి పూర్తిగా వేరు. అతని ప్రోద్బలం అన్న వాక్యానికి ఏ గడ్డివాముతోనూ సంబంధం లేదు, దానివల్ల ఏ వస్తువూ బయటపడలేదు. మరొకరు కస్టడీలో అన్న మాట అది. శత్రుపక్షం నాయకుణ్ని ఇరికించాలన్న కోరిక కక్షల ఊళ్లో ఎప్పుడూ ఉండేదే. కాబట్టి ఆ వాంగ్మూలం మేరకు అతని మీద నేరం రుజువు కాలేదనే చెప్పాలి. చూసిన సాక్షుల మాట పదిమందిలో ఎవరిని ఎంత వరకు పట్టి ఇస్తుందన్నది మళ్లీ మొదటి నుంచి తూచవలసిన పని. ప్రివీ కౌన్సిల్ కూడా ఆ పని తన చేతుల్లోకి తీసుకోలేదు. వాంగ్మూలాల్లో చెల్లని భాగాలను పక్కన పెట్టి, మిగిలిన సాక్ష్యం శిక్షకు చాలుతుందో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకే తిప్పి పంపింది.

ఆ గీత ఆ తర్వాత చెరగలేదు. 27వ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు 1960లో దేవమాన్ ఉపాధ్యాయ కేసులో తోసిపుచ్చింది. పార్లమెంటుపై దాడి కేసులో 2005లో తీర్పు ఇస్తూ కోటయ్య సూత్రాన్నే మళ్లీ నిలబెట్టింది. 1872 చట్టం పోయి 2024 జులై 1న భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చినప్పుడు ఆ పాత కిటికీ 23వ సెక్షన్ కింద మినహాయింపుగా అలాగే కుదురుకుంది. ఇప్పుడు అమలాపురం కోర్టులో హత్యాయుధం రికవరీ పంచనామా దాఖలైనా, దాచానన్న మాటను ఉంచి చంపానన్న మాటను కొట్టివేయవలసిన బాధ్యత ఆ జడ్జి మీద ఉంటుంది.