తట్ట మోసినవాళ్ల సంఘం

అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు మన ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. ఆ ఖనిజం బస్తర్‌లోని బైలదిల్లా కొండలది. బస్తర్‌కు ఉత్తరాన దల్లీ రాజహరా అనే మరో గనుల ఊరు ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఖనిజం అక్కడి నుంచి వెళ్లేది. ఆ గనుల కూలీలు 1977లో పెట్టుకున్న సంఘం చరిత్ర ఆదివాసీలుగా మనం తెలుసుకోదగినది.

దల్లీ గనుల్లో పని చేత్తోనే సాగేది. మగవాళ్లు గునపంతో, సుత్తితో రాయి పగలగొడితే, ఆడవాళ్లు తట్టలకెత్తి మోసేవారు. చాలాచోట్ల భార్యాభర్తలు జంటగా పనిచేసేవారు. వారిలో గోండులు, హల్బాలు, సత్నామీలు, సాహూలు ఉన్నారు. అందరూ కాంట్రాక్టు కూలీలే. అప్పటికే అక్కడ పెద్ద సంఘాలు ఉన్నాయి. అయితే బోనసు ఒప్పందంలో శాశ్వత ఉద్యోగులకు ఒక లెక్క, కాంట్రాక్టు కూలీలకు అంతకంటే బాగా తక్కువ లెక్క కట్టారు. కూలీలు ఆ ఒప్పందాన్ని కాదని బయటికొచ్చి, 1977 మార్చిలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను స్థాపించారు. శంకర్ గుహా నియోగిని నాయకుడిగా పిలుచుకున్నారు. ఆయన బెంగాలీ. అంతకుముందు భిలాయిలో కార్మికుడు. ఆదివాసీ గని కూలీ ఆశాను పెళ్లాడి ఆ ప్రజల్లో ఒకడయ్యాడు.

కొత్త సంఘం అడిగిన వాటిలో ఒకటి, వానాకాలానికి ముందు గుడిసె బాగుచేసుకోవడానికి వెదుళ్లకు, కర్రలకు 100 రూపాయల భత్యం. క్వార్టర్లలో ఉండే నాయకుడికి ఈ కోరిక తట్టదు. కప్పు కారే గుడిసెలో పడుకునేవాళ్లు చర్చల్లో ఉంటేనే అది కాగితం మీదికి వస్తుంది.

జూన్ మొదట్లో పోలీసులు నియోగిని అరెస్టు చేశారు. కూలీలు అడ్డుపడ్డారు. కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారిలో అనసూయా బాయి అనే మహిళా కూలీ, సుదామా అనే పిల్లవాడు ఉన్నారు. అయినా సంఘం చెదరలేదు. తర్వాత కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి పోతుంటే ముందుగా అడ్డుకున్నది ఆడవాళ్లు. అలా తాగుడు మానిపించడం కూడా సంఘం పని అయింది.

సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి సరైన వైద్యం అందక కాన్పులో చనిపోయింది. సంఘానికి అంత పెద్ద నాయకురాలికే ఆ గతి పడితే మామూలు కూలి తల్లి సంగతేమిటని కూలీలు ఆలోచించారు. చందాలు వేసుకుని, తామే పనిచేసి ఆసుపత్రి కట్టారు. 1983 జూన్ 3న, కాల్పుల అమరుల రోజున, షహీద్ ఆసుపత్రి మొదలైంది.

బైలదిల్లాలో యంత్రాల వల్ల వేలమంది కాంట్రాక్టు కూలీలకు పని పోయింది. 1978 ఏప్రిల్‌లో కిరండూల్‌లో కాల్పులు జరిగాయి. ఇది చూసిన దల్లీ సంఘం, మనుషుల పని పోకుండా కొన్ని పనులకే యంత్రాలు వాడాలని తన పథకం ముందుకు తెచ్చింది. యంత్రం వస్తే మొదట ఇంటికి పోయేది తట్ట మోసే ఆడమనిషి అని దానికి తెలుసు. ఆ పట్టుదలతో చాలా ఏళ్లు పనులు నిలిచాయి.

సోనాఖాన్‌కు చెందిన ఆదివాసీ వీరుడు నారాయణ్ సింగ్‌ను తెల్లవాళ్లు 1857 డిసెంబరులో రాయ్‌పూర్‌లో చంపారు. కరువులో ధాన్యం పంచిన ఆ మనిషి పేరును కూలీల మధ్య మళ్లీ నిలబెట్టింది కూడా ఈ సంఘమే. ఆదివాసీ అయిన జనక్‌లాల్ ఠాకూర్ 1985లో డౌండీ లోహారా నుంచి శాసనసభకు గెలిచాడు.

లోటు కూడా చెప్పుకోవాలి. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నియోగిని హత్య చేశారు. తర్వాత ఉద్యమంలో చీలికలు వచ్చాయి. ఒక్క మనిషి మీద ఎక్కువ భారం పడితే జరిగేది అదే. పుస్తకాల్లోనూ నియోగి పేరే ఎక్కువ కనిపిస్తుంది. అనసూయా బాయి, కుసుమ్ బాయిల పేర్లు ఒక వాక్యంలో ముగుస్తాయి.

మన ఏజెన్సీలో తునికాకు కోసేది, ఉపాధి పనికి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. సంఘం సమావేశంలో వాళ్లు కింద చాప మీద, మాట్లాడేవాళ్లు పైన కుర్చీల్లో ఉంటే కోరికల పత్రం సగమే తయారవుతుంది. ఆ పత్రం రాసేటప్పుడే వాళ్లను కూర్చోబెట్టాలి. అధికారితో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు కూడా వాళ్లలో ఒకరు ముందుండాలి.