కంటికి కానరాని పుట

తాటాకుపై గంటంతో గీసినంతమాత్రాన అక్షరం కనబడదు. పైన మసి పూయాలి. మా తాతగారి తాళపత్రాల వద్ద నేర్చిన ఈ సంగతి, ఆచార్య ఫేబియన్ పీజ్ గారి గురించి చదువుతుంటే జ్ఞప్తికి వచ్చింది.

పుస్తకంలోని పుటను 25,000వ వంతుకు కుదించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చదవగలిగేలా వ్రాసినవారికి వేయి డాలర్లిస్తానని 1959లో ఫైన్‌మన్ ప్రకటించారు. పీజ్ గారు కేంబ్రిడ్జిలో ఆ సూక్ష్మదర్శినిపైనే పరిశోధించి, బెల్ ప్రయోగశాలలో పనిచేసి, స్టాన్‌ఫర్డులో ఆచార్యులైనారు. అచ్చట 1981లో శిష్యుడు టకర్‌మన్‌తో కలిసి, చిప్పుల వేడి తగ్గించుటకు సిలికాన్‌లో సన్నని కాలువలు తొలిచి నీరు పారించారు. చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని తొలగించి చూపారు. 1985లో మరో శిష్యుడు టామ్ న్యూమన్ డికెన్స్ నవలలోని మొదటి పుటను ఎలక్ట్రాన్ పుంజంతో వ్రాసి ఫైన్‌మన్ బహుమతి గెలిచాడు. వ్రాయడంకన్నా, వ్రాసిన చోటును మళ్ళీ వెదకి పట్టుకోవడమే కష్టమైందట!

మిత్రులారా, బహుమతి శిష్యునికి దక్కింది; న్యాయమే. కానరానిదాన్ని చూచే విద్య మాత్రం గురువుగారిది. జీవితమంతా నల్లబల్లపై వ్రాసి చెరిపిన ఈ పంతులుకు ఆ పుటలో ఎంతో ఊరట కనబడింది.