‘ఊరుకి మొనగాడు’ నుంచి ‘హిమ్మత్‌వాలా’ దాకా: ఒక పగ కథ, మన ఇళ్ళ విలువలు

1983 నాటి హిందీ సినిమా ‘హిమ్మత్‌వాలా’ చూడని పెద్దవాళ్ళు బరంపురం తెలుగు ఇళ్ళలో తక్కువ. అది తెలుగు కథ అని తెలిసిన పిల్లలు ఇంకా తక్కువ. మొన్న సంఘం గదిలో ఈ మాట వచ్చినప్పుడు కాలేజీ చదివే కుర్రవాడొకడు, “హిందీ సినిమానే తెలుగులోకి తెచ్చారు కదండీ?” అన్నాడు. అందుకని తెలిసిన వివరాలు ఒకచోట రాసి పెడుతున్నాం.

మూలం 1981లో వచ్చిన ‘ఊరుకి మొనగాడు’. కృష్ణ, జయప్రద నటించారు, దర్శకుడు కె. రాఘవేంద్రరావు. రెండేళ్ళకు ఆయనే కృష్ణగారి కుటుంబ సంస్థ పద్మాలయా తరఫున జితేంద్ర, శ్రీదేవిలతో దాన్ని హిందీలో తీశారు. మాటలు ఖాదర్ ఖాన్, సంగీతం బప్పీ లహిరి. అది బాగా ఆడడంతో మన దర్శకులు తీసిన ‘జస్టిస్ చౌదరి’, ‘మవాలి’, మరుసటి ఏడు ‘తోఫా’ వరసగా వచ్చాయి. అన్నిటికీ తెలుగు మూలాలే.

కథ చాలామందికి గుర్తే. షేర్ సింగ్ అనే భూస్వామి చేసిన హత్యను ఒక బడిపంతులు చూస్తాడు. నోరు మూసుకోనందుకు ఆయన మీద పరాయి స్త్రీని చెరచబోయాడని అబద్ధపు నింద వేయిస్తారు. అవమానం భరించలేక ఆయన ఊరు విడిచి పోతాడు. భార్య కష్టపడి కొడుకును ఇంజనీరును చేస్తుంది. ఆ కొడుకు ఆనకట్ట కట్టడానికి అదే ఊరికి వస్తాడు. తల్లిగా వేసిన వహీదా రెహమాన్ 1955లో మన ‘రోజులు మారాయి’లో నాట్యం చేసిన అమ్మాయే. అదీ జమీందారుకూ రైతులకూ జరిగిన తగువు కథే.

భాష మారినా మారనివి కొన్ని ఉన్నాయి. తండ్రి పరువు కొడుకు అప్పు. తల్లి కన్నీరు ఆ అప్పు పత్రం. కత్తి పట్టేకన్నా ముందు చదువు, ఆ చదువుతో ఊరికి పని. పగ కథలో ఇంజనీరు ఉద్యోగం అంత గౌరవంగా కనబడడం మాలాంటి గుమస్తా కుటుంబాలకు అప్పట్లో ఎంతో నచ్చింది.

మారింది ఊరు. అప్పటి మన పల్లెటూరి సినిమాల్లో దుర్మార్గుడు ప్రెసిడెంటో, మునసబో, కరణమో అయ్యేవాడు. ఆంధ్రాలో ఆ వంశపారంపర్య గ్రామోద్యోగాలు 1984 దాకా ఉన్నాయి కనుక చూసేవాడికి తన ఊరి మనిషే తెర మీద కనబడేవాడు. హిందీలో ఠాకూరు, అతని మునీము వచ్చారు. అది ఏ జిల్లా పల్లె అంటే ఎవరూ చెప్పలేరు. ‘పదహారేళ్ళ వయసు’ శ్రీదేవి ముఖం మాత్రం మనది. గొంతు మనది కాదు. ‘చాందినీ’ (1989) వచ్చేదాకా హిందీలో ఆమెకు ఇంకొకరు మాట చెప్పేవారు. ఇంట తెలుగు, బజారులో ఒడియా, సినిమా హాల్లో హిందీ అలవాటైన మనకు ఆ సంగతి అప్పట్లో వింతగా తోచలేదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. పొగరుబోతు అమ్మాయికి హీరో బుద్ధి చెప్పడం, ఆమె వెంటనే ప్రేమలో పడడం ఇవాళ మనవరాళ్ళ పక్కన కూర్చుని చూడలేం. అంతకన్నా బరువైనది చెల్లెలు పద్మ కథ. మునీము కొడుకుకు ఇచ్చి పెళ్ళి చేస్తే, అన్నను లొంగదీయడానికి అత్తింట్లో ఆమెను హింస పెడతారు. అన్న తల వంచుతాడు. చివరికి శ్రీదేవి గర్భవతినని అబద్ధమాడి తండ్రిని ఇరుకున పెడితేగాని తూకం సరిపోదు. పద్మను ‘నీకేం కావాలమ్మా’ అని అడిగినవాళ్ళు లేరు. పోలీసు మాట ఎవరికీ తోచదు. భర్త, అత్తింటివారు పెట్టే హింసను నేరం చేస్తూ 498ఎ సెక్షన్ వచ్చింది కూడా ఆ 1983 డిసెంబరులోనే.

ఇది మనకు సినిమా ముచ్చటే అయితే ఇంత రాయనక్కరలేదు. 1936లో గంజాం ఒడిశాలో కలిశాక మన పుట్టిళ్ళకూ ఇచ్ఛాపురం, సోంపేట అత్తవారిళ్ళకూ మధ్య రాష్ట్ర సరిహద్దు పడింది. పిల్ల అటు కష్టపడుతుంటే సంఘం పెద్దలం మేమూ ముందు అన్ననే పిలిచేవాళ్ళం. “కొంచెం తగ్గు బాబూ, చెల్లెలు అక్కడుంది” అని చెప్పి పంపేవాళ్ళం. అది సర్దుబాటు అనుకున్నాం. ఇప్పుడు ముందు పిల్లనే, విడిగా కూర్చోబెట్టి అడుగుతున్నాం. ఆ పనికి మహిళా సభ్యులు ఇద్దరు ఉన్నారు. సంఘంలో అందరూ దీనికి ఒప్పుకోలేదని కూడా చెప్పాలి.

2013లో అజయ్ దేవగణ్, తమన్నాలతో ‘హిమ్మత్‌వాలా’ మళ్ళీ తీశారు, ఆడలేదు. పాత రెండూ పక్కపక్కన వేసి చూపిద్దామని మా ఆలోచన. తెలుగుది ముందు వేద్దామని కుర్రవాళ్ళ కోరిక. సరేనన్నాం. సభ్యుల్లో ఒక పెద్దావిడ, 1983లోనే కాపురానికి వెళ్ళిన మనిషి, వస్తానని చెప్పి, “పద్మ అత్తవారింటి సీన్లు వచ్చినప్పుడు మాత్రం నేను బయట బెంచీ మీద కూర్చుంటాను బాబూ” అంది.