ఎండతో నీటి నుంచి హైడ్రోజన్: యాభై ఏళ్ల ప్రస్థానం

టైటానియం డయాక్సైడ్ స్ఫటికాన్ని, ప్లాటినాన్ని ఎలక్ట్రోడులుగా నీటిలో ఉంచి కాంతి ప్రసరింపజేస్తే ఒకదాని వద్ద ఆక్సిజన్, రెండోదాని వద్ద హైడ్రోజన్ వెలువడతాయని అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది. నీళ్లూ ఎండా ఉంటే ఇంధనానికి లోటుండదన్న ఆశ అప్పుడు బలంగా పాతుకుపోయింది.

అయితే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను మాత్రమే గ్రహిస్తుంది. సూర్యకాంతి శక్తిలో వాటి వాటా 5 శాతం లోపే. కంటికి కనిపించే కాంతిని కూడా పీల్చుకునే అర్ధవాహకాలు ఉన్నా, వాటిలో చాలావరకు నీటిలో త్వరగా పాడవుతాయి. ఈ రంగం ఇప్పటికీ ఆ చిక్కు చుట్టూనే తిరుగుతోంది.

అమెరికాలోని కొలరాడోలో 1998లో నీటిని విడగొట్టేందుకు ఆస్కార్ ఖసెలెవ్, జాన్ టర్నర్ తయారుచేసిన ఘటం, పడిన కాంతి శక్తిలో 12.4 శాతాన్ని హైడ్రోజన్‌గా మార్చే సామర్థ్యం చూపింది. అందులో వాడినవి ఉపగ్రహాల సౌరఘటాల్లో వాడే ఖరీదైన పదార్థాలు. పైగా ఒక్కరోజు గడవకముందే విద్యుత్ ప్రవాహం తగ్గుముఖం పట్టింది. 2011లో ఎంఐటీకి చెందిన డేనియల్ నొసెరా ‘కృత్రిమ ఆకు’ చౌక ఉత్ప్రేరకాలతో పనిచేసింది. తీగలు లేని ఘటంలో దాని సామర్థ్యం 2.5 శాతం. ఆయన స్థాపించిన సన్ క్యాటలిటిక్స్ సంస్థ తర్వాత బ్యాటరీల వైపు మళ్లింది. 2014లో లాక్‌హీడ్ మార్టిన్ దాన్ని కొనేసింది.

ఆరుబయట జరిగిన ప్రయోగాల్లో జపాన్‌లోని కాకియోకాలో కజునారి డోమెన్ బృందం చేసినది ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్ పొడిని గాజుపై పూసి, దానిపై 0.1 మిల్లీమీటరు మందాన నీటిపొర నిలిపారు. అలాంటి పలకలను 100 చదరపు మీటర్ల మేర పరిచారు. వెలువడేది హైడ్రోజన్, ఆక్సిజన్ల పేలుడు మిశ్రమం కాబట్టి, కావాలనే నిప్పంటించి భద్రతను కూడా పరీక్షించారు. వ్యవస్థ నెలల తరబడి నిలిచింది. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గరిష్ఠ సామర్థ్యం 0.76 శాతం.

చదరపు మీటరుపై రోజుకు 5 కిలోవాట్ గంటల ఎండ పడితే, ఆ సామర్థ్యంతో వచ్చే హైడ్రోజన్ ఒక గ్రాము పైచిలుకు. సామర్థ్యం 10 శాతానికి చేరినా 15 గ్రాములే. అంటే రోజుకు ఒక టన్ను కావాలంటే దాదాపు 16 ఎకరాల విస్తీర్ణంలో పలకలు పరచాలి. వాయువు లీకవకుండా ఏళ్ల తరబడి కాపాడుకోవాలి.

సిలికాన్ సౌరఘటం సైతం 1954లో బెల్ ల్యాబ్స్‌లో 6 శాతం దగ్గర మొదలై, సామాన్యుల ఇంటి కప్పు చేరడానికి అర్ధశతాబ్దం పట్టింది. దానికి తొలినాళ్లలో ధర చూడకుండా కొనే ఉపగ్రహాలు దొరికాయి. హైడ్రోజన్‌కు ఆ అదృష్టం లేదు. సహజవాయువు నుంచి చౌకగా తీసిన హైడ్రోజన్‌ను ఎరువుల కర్మాగారాలు, చమురుశుద్ధి కేంద్రాలు ఎప్పటినుంచో వాడుతున్నాయి. సౌరఫలకాలు చవకయ్యాక, వాటి కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం (ఎలక్ట్రోలైజర్) నడపడమే తేలికైంది. ఈ పరిస్థితిలో, సామర్థ్యం శాతాన్ని చెప్పి ఆరుబయట ఎన్ని నెలలు పనిచేసిందో చెప్పని ప్రకటన ఏదైనా ప్రయోగశాల ఫలితమే తప్ప మార్కెట్‌కు సిద్ధమైన సరుకు కాదు.