ఉద్యోగము కొరకు బాప్తిస్మము: కవి హైన్రిక్ హైనే

1825 జూన్ 28న ప్రష్యా రాజ్యములోని హైలిగెన్‌ష్టాట్‌లో ఒక యూదు న్యాయశాస్త్ర విద్యార్థి పాస్టరుగారి ఇంటిలో, బంధుమిత్రులకు తెలియకుండ బాప్తిస్మము పొందాడు. అంతవరకు హ్యారీ అని పిలువబడిన అతడు ఆనాటినుండి క్రిస్టియన్ యోహాన్ హైన్రిక్ హైనే. విశ్వాసముకన్న ఉద్యోగమే తన ఉద్దేశమన్న సంగతిని అతడు దాచుకోలేదు.

హైనే 1797లో డ్యూసెల్‌డార్ఫ్‌లో జన్మించాడు. ఫ్రెంచి పాలనలో అక్కడి యూదులకు కొంత పౌరసమానత్వము కలిగింది. నెపోలియన్ ఓడిపోయాక అది తరిగిపోయింది. 1822లో ప్రష్యా విశ్వవిద్యాలయ పదవుల తలుపు కూడ యూదులకు మూసింది. బాప్తిస్మము పొందినవారికి ఆ అడ్డు లేదు. హైనేను వేషధారి అనే ముందు, పరిశుద్ధ సంస్కారమును ఉద్యోగార్హతగా మార్చినది క్రైస్తవ ప్రభుత్వమేనని గమనించాలి.

మన స్థితి దీనికి తలక్రిందులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులముల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులకు మిగిలినది బి.సి.–సి వర్గపు ఒక శాతము. అక్కడ ఉద్యోగము కొరకు బాప్తిస్మము పొందారు; ఇక్కడ ఉద్యోగము కొరకే దానిని దాచుకుంటారు. విశాఖలో పోర్టు, ఉక్కు కర్మాగార కుటుంబముల మధ్య పరిచర్య చేసినవారికి, సంఘపు రిజిస్టరులో తన పేరు వ్రాయవద్దని బ్రతిమాలే విశ్వాసి క్రొత్త కాదు.

హైనేకు ఆ ఉద్యోగమూ దక్కలేదు. క్రైస్తవులూ యూదులూ తనను ద్వేషిస్తున్నారని మిత్రునికి వ్రాసుకున్నాడు. 1831లో ప్యారిస్‌కు వలసపోయాడు. 1835లో జర్మను సమాఖ్య సభ అతని రచనలను నిషేధించింది. 1844 జూన్‌లో సైలీషియా నేతపనివారు కూలి చాలక తిరుగబడగా సైన్యపు కాల్పులలో 11 మంది చనిపోయారు. మరుసటి నెలలోనే, ప్యారిస్‌లోని ప్రవాస జర్మనుల పత్రికలో హైనే వారిపై వ్రాసిన కవిత వెలువడింది. కార్ల్ మార్క్స్‌తో అతనికి స్నేహము కలిసిన రోజులవి. ఆ కవితలో నేతపనివారు దేవుని, రాజును, దేశమును శపిస్తారు. పులుపిటెక్కిన పాస్టర్లయినా ఉలిక్కిపడతారు. అయితే వారు శపించినది యాకోబు 5:4లో కూలివారి మొర వినే ప్రభువునా, యజమానుల పక్షమున నిలబెట్టిన విగ్రహమునా? రెండవదేనని నా అభిప్రాయము.

1848 నుండి హైనే పక్షవాతముతో దాదాపు 8 సంవత్సరములు మంచము పట్టాడు. అక్కడ బైబిలు మరల తెరిచాడు. దేవునియొద్దకు తిరిగి వచ్చానని 1851లో బహిరంగముగా ప్రకటించాడు. 1854లో వ్రాసిన ఆత్మకథనములో, బీద గొఱ్ఱెల కాపరులనుండి ఒక జాతిని నిర్మించిన మహాశిల్పి అని మోషేను కొనియాడాడు. ఏ సంఘములోను మాత్రము చేరలేదు. తన అంత్యక్రియలకు ఏ మతగురువూ రాకూడదని వీలునామాలో వ్రాశాడు. 1856 ఫిబ్రవరి 17న మరణించగా మోమార్త్ర్ శ్మశానములో అలాగే పాతిపెట్టారు.